నిలబడి తినే పెళ్లి

రాజధాని కర్నూలుకు వచ్చింది మొదలు కంబన్న నడకే మారిపోయింది. అంతకు ముందు అతను షామియానాలు, పెట్రొమాక్సు లైట్లు, కుర్చీలు బాడుగకిచ్చే మనిషి. పెళ్లివారింటికి పోయి గుంజలు పాతించి, గుడ్డ కట్టించి, మర్నాడు విప్పించుకుని వచ్చేవాడు. రాజధాని వచ్చాక ఆఫీసులకు చోటు చాలక ఊరంతా గుడారాలు లేచాయి. ఆ గుడారాల్లోకి మద్రాసు నుంచి ఆఫీసర్లు దిగారు, ఆఫీసర్ల వెంట టీ పార్టీలు దిగాయి. అలాంటి పార్టీ ఒకదానికి కుర్చీలు తోలించుకుని పోయిన కంబన్న, అక్కడి వైభోగం చూసి గుడ్లప్పగించి నిలబడిపోయాడు.

అతను తెచ్చిన కుర్చీల్లో ఒక్కరంటే ఒక్కరు కూర్చోలేదు. అందరూ నిలబడే తిన్నారు. పొడుగాటి బల్లలు, బల్లల మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డలు, వాటి మీద వంటకాలు, ఓ చివర పింగాణీ ప్లేట్ల దొంతర. ఎవరి ప్లేటు వాళ్లే తీసుకున్నారు, ఎవరికి కావలసింది వాళ్లే పెట్టుకున్నారు, అటూ ఇటూ తిరుగుతూ నవ్వుకుంటూ తిన్నారు. విస్తళ్లు లేవు, బంతులు లేవు, "ఇక్కడ పప్పు రాలేదు" అన్న కేకల్లేవు. దీన్ని బఫే అంటారని అక్కడి బట్లరు చెప్పాడు. ఆ మాట కంబన్న నాలుక మీద బెల్లంముక్కలా ఉండిపోయింది.

వారం తిరిగేసరికి అంగడి మీద కొత్త బోర్డు వెలిసింది. కంబన్న అండ్ కో, స్టైలు పెళ్లిళ్లు, పార్టీలు.

"కో అంటే ఎవురు?" అని అడిగింది అతని భార్య నాగక్క.

"నువ్వే."

"అట్లయితే ఆ బల్లల గుడ్డలు ఉతికేది కూడా నేనేనన్నమాట," అని ఆమె లోపలికి పోయింది.

బోర్డు పెట్టడం వేరు, పేరు రావడం వేరు. రాబోయే అక్టోబరు ఒకటికి ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఏడాది నిండుతుంది. ఆనాటి సర్కారు విందు ఏర్పాట్లు ఎవరికప్పగించాలో తేల్చే ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. ఆ విందు చేతికొస్తే చాలు, ఇక జన్మలో గుంజలు పాతే పని ఉండదని కంబన్న లెక్క. ఆయన గుడారం ముందు కంబన్న నిలబడని రోజు లేదు. చివరికి ఆయన విసుగు పుట్టో, జాలి పుట్టో ఒక మాటన్నాడు.

"నీకు బఫే చేతనవునో కాదో నాకెలా తెలుస్తుందయ్యా? ఎక్కడైనా ఒకటి చేసి చూపించు. నచ్చితే అక్టోబరు ఒకటి నీదే."

దేవుడు పంపినట్టు చౌడప్ప కూతురి పెళ్లి కుదిరింది. చౌడప్పది పడమటి తాలూకాలో ఒక నేతల ఊరు. అతని మగ్గాల మీద నేసిన చీరలు కర్నూలు, ఆదోని అంగళ్లలో అమ్ముడవుతాయి. పెళ్లికొడుకు ఆ ఆఫీసరు కిందే గుమాస్తా, కనక ఆఫీసరు పెళ్లికి రాక తప్పదు. కంబన్న బస్సు దిగి నేరుగా చౌడప్ప అరుగెక్కాడు.

"బంతి భోజనాలు పాతబడిపాయనన్నా. ఇప్పుడు కర్నూల్లో పెద్ద దొరలంతా నిలబడే తింటాండారు."

"నిలబడి పశువులు గదప్పా తినేది."

"పశువులు ముళ్ల చెంచాతో తింటాయా?"

చౌడప్ప పెద్దమనిషి కదా, ఒక పట్టాన ఒప్పుకోలేదు. "మనోళ్లను అన్నానికి పిల్చాల గదా. బంతి లేకుంటే ఎట్ల పిల్చేది? యాడికని పిల్చేది?"

"శుభలేఖ ఇచ్చినప్పుడే పిల్చినావు గదన్నా. మళ్లా పిల్చేదేముంది? అన్నం కనపడితే వాళ్లే వస్తారు."

ఆ సీమలో పుట్టి పెరిగినవాడెవడూ అనకూడని మాట అది. శుభలేఖ అందినా, పెళ్లికి వచ్చినా, అక్షింతలు వేసినా, అన్నం వేళకు ఇంటి యజమాని వచ్చి చెయ్యి పట్టుకుని "లేయండప్పా, అన్నానికి" అననిదే అక్కడ మనిషి లేవడు. కడుపు కాలుతున్నా లేవడు. పిలవని బంతిలో కూర్చున్నాడన్న మాట పడ్డాక ఇంకేం మిగులుతుంది? ఇది కంబన్నకు తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. కానీ కొత్త స్టైలు నెత్తికెక్కినవాడికి తెలిసిన సంగతులే ముందుగా అడ్డం వస్తాయి. అందుకని వాటిని అవతలకు నెట్టేశాడు. వియ్యంకులు ఆఫీసు మనుషులన్న బెరుకుతో చౌడప్ప చివరికి తల ఊపాడు.

పెళ్లి ఎండాకాలంలో. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. ఊరి చివర నేతగాళ్లు పడుగులు సాగదీసుకునే బయలులో కంబన్న షామియానా వేశాడు. బల్లలు పరిచాడు, చౌడప్ప మగ్గాల మీదే నేయించిన తెల్లగుడ్డలు కప్పాడు. చిత్రాన్నం, బక్ష్యాలు, గుత్తివంకాయ, పప్పు, పాయసం వరసగా పెట్టించాడు. ఆఫీసరు కోసమని ఒక పళ్లెంలో కట్లెట్లు కూడా ఉన్నాయి. జనం ఎగబడకుండా ఒక్కొక్కరే వచ్చేట్టు బల్లల దాకా రెండు వైపులా వెదురు కట్టించాడు. దూరంగా నిలబడి చూసుకుంటే అతనికే ముచ్చటేసింది. తెల్లారకముందు లేచినవాడు, మెతుకు ముట్టకుండా తిరుగుతున్నాడు, అయినా అలుపన్నది తెలియలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. కంబన్న మైకందుకున్నాడు.

"బంధువులారా, ఈ పొద్దు బంతుల్లేవు. అందరూ లైన్లో వచ్చి ఎవురి ప్లేటు వాళ్లు తీసుకోవాల. ఇది కర్నూలు స్టైలు!"

ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి చౌడప్ప మేనత్త గిడ్డమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. ముసలామె లేచాక మిగతావాళ్లూ మొహమాటంగా లేచి, ఆమె వెనక వెదుళ్ల మధ్య నిలబడ్డారు. కంబన్న గుండె కుదుటపడింది. గిడ్డమ్మ ఒక్కో అడుగూ వేసుకుంటూ ప్లేట్ల దగ్గరికొచ్చింది. ఒక ప్లేటు తీసుకుంది. రెండో చేత్తో నడుం దగ్గర చీర కుచ్చెళ్లు తడుముకుంది.

"చీటీ తేలేదప్పా," అంది. "చీటీ లేకుంటే పొయ్యరా?"

కంబన్న పకపకా నవ్వాడు. "చీటీ ఏంటికి అవ్వా? పెండ్లి గదా ఇది."

లైన్లో ఇంకెవరూ నవ్వలేదు. ఆమె ఎగతాళికి అందో, అలవాటు కొద్దీ అందో కంబన్నకు అంతుపట్టలేదు. ఆమె వెనకున్న మొహాలు చూశాక మాత్రం అతని నవ్వు ఆగిపోయింది.

రెండేళ్ల కిందటి కరువులో ఆ ఊళ్లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. నూలు కొనేవాడు లేడు, చీర కొనేవాడు లేడు, తినడానికి కొర్రలు కూడా లేవు. అప్పుడు సర్కారు ఈ బయల్లోనే గంజి కేంద్రం పెట్టింది. ఊరందరికీ బట్ట నేసిన చేతులు ముంతలు పట్టుకుని వెదుళ్ల మధ్య నిలబడ్డాయి. పక్కింటివాళ్లు గుర్తుపట్టకూడదని ఆడవాళ్లు మొహాల మీదికి కొంగులు లాక్కున్నారు. చీటీ చూపించినవాళ్లకు గరిటెడు గంజి పోశారు. ఆ పందిరి వేసింది, ఆ వెదుళ్లు కట్టించింది కంబన్నే. సర్కారు బాడుగ సక్రమంగా ముట్టింది కనక అతనికది మంచి పనిగానే గుర్తుంది. ఇప్పుడు కట్టించిందీ అచ్చం అదే కట్టుబడి. బల్లల మీద తెల్లగుడ్డలొక్కటే కొత్త.

గిడ్డమ్మ ప్లేటును చప్పుడు కాకుండా మళ్లీ దొంతర మీద పెట్టింది. వెదురు కింది నుంచి వంగి అవతలికి పోయింది. ఆమె వెనక ఇంకొకరు పోయారు, ఆ వెనక ఇంకొకరు. ఎవరూ కేకలు వేయలేదు, ఒక్క మాట తూలలేదు. బయలు పక్కనున్న ప్రహరీ గోడ వార వరసగా కూర్చున్నారు. తినకుండా వెళ్లిపోతే పెళ్లివారికి అవమానం, పిలవకుండా తింటే తమకు అవమానం. అందుకే కూర్చున్నారు.

చౌడప్ప పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పనప్పా ఇది కంబన్నా? పెండ్లికి పిల్చి నా వాళ్లను గంజికి నిలబెడితివి గదప్పా!"

కంబన్న నోరు పెగలకముందే ఆఫీసరు, ఆయన వెంట ఆఫీసువాళ్లు షామియానాలోకి వచ్చారు. ఖాళీగా ఉన్న వెదుళ్లను, చెక్కుచెదరని వంటకాలను, దూరంగా గోడ వార కుదురుగా కూర్చున్న జనాన్ని ఆఫీసరు కలయజూశాడు. ఆయన మొహం విప్పారింది.

"భేష్! పల్లెటూళ్లో ఇంత క్రమశిక్షణ ఎలా నేర్పావయ్యా? మేం తినేదాకా ఒక్కరూ కదలకుండా కూర్చున్నారే! మద్రాసులో కూడా ఇలాంటిది చూడలేదు." కట్లెట్టు కొరికి, నములుతూనే తేల్చేశాడు. "అక్టోబరు ఒకటి నీకే. సరిగ్గా ఇలాగే ఉండాలి. ఒక్కరూ కింద కూర్చుని తినకూడదు, తెలిసిందా?"

కంబన్నకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ క్షణాన గోడ వార ఉన్నవాళ్లు అతనికి కనబడనే లేదు. కనబడ్డాక సిగ్గేసింది. సిగ్గేసినా, చౌడప్పను పక్కకు లాగి గొంతు తగ్గించి అడగనే అడిగాడు.

"అన్నా, రవ్వంత సేపు ఓర్చుకో. దొర పోనీ. పోయినంక బంతులు వేస్తాం."

చౌడప్ప అతని చెయ్యి విదిలించుకున్నాడు. గోడ దగ్గరికి పోయి మేనత్త ముందు వంగి, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"లేయత్తా, అన్నానికి."

అలా ఒక్కొక్కరి దగ్గరా ఆగాడు. తన మగ్గం నేసేవాళ్లను, ఊళ్లోని రైతులను, ఏనాటి నుంచో మాటల్లేని దాయాదిని కూడా చెయ్యి పట్టి లేపాడు. పెళ్లికూతురి మేనమామలు వెదుళ్లు పీకి అవతల పారేశారు. వాడని బల్లల మీది తెల్లగుడ్డలు లాగి నేల మీద పొడుగ్గా పరిచారు. నాగక్క ఇస్త్రీ చేసిన గుడ్డల మీద జనం బాసింపట్లు వేసుకుని కూర్చుంటుంటే కంబన్న కళ్లు మూసుకున్నాడు. ఊళ్లోంచి తెప్పించిన విస్తళ్లు పడ్డాయి. కాసేపట్లోనే "ఈడ పప్పు రాలేదు" అని ఎవరో కేక వేశారు. పెళ్లి పెళ్లిలా మారింది.

ఆఫీసరు ప్లేటు పట్టుకుని ఇటు తిరిగాడు. "అదేమిటయ్యా, వాళ్లు కింద కూర్చుని తింటున్నారు?"

"వాళ్లు చుట్టాలు సార్," అన్నాడు కంబన్న తడబడుతూ.

"మరి మేమెవరం?"

ఆ మాటకు ఆఫీసరే నవ్వేసి ఇంకో కట్లెట్టు పెట్టుకున్నాడు. బంతిలోంచి గిడ్డమ్మ ఆయన్నే చూస్తోంది.

"ఆ దొరను ఎవురూ పిల్చలేదేమిరా చౌడప్పా? పాపం, నిలబడుకోనే తింటాండాడు."

చౌడప్ప పోయి పిలిచాడు. ఆఫీసరు తన బిగుతు ప్యాంటును చూసుకుని, వద్దులెమ్మని చెయ్యి ఊపాడు. గిడ్డమ్మ చుచ్చుచ్చు అనుకుని బక్ష్యం తుంచుకుంది.

బంతులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. చౌడప్ప మేళగాళ్లను పిలిచాడు. బండ్లు తోలుకొచ్చినవాళ్లను పిలిచాడు. గుంజలు పాతిన కంబన్న కూలీలను కూడా పేరుపేరునా "రాండప్పా" అని కూర్చోబెట్టాడు. అప్పుడు నేరుగా కంబన్న వైపు నడిచి వచ్చాడు. కంబన్న చేతులు తుడుచుకుని, చొక్కా సర్దుకుని నిలబడ్డాడు.

"ఆ బల్లలు రవ్వంత జరిపియప్పా. ఆఖరి బంతికి చోటు చాల్లేదు," అని చౌడప్ప వెనక్కి తిరిగాడు.

కంబన్న బల్లలు జరిపాడు. ఆఫీసరు బయల్దేరుతూ ఆగి అతని భుజం తట్టాడు.

"నువ్వు తినలేదే? నీ బఫే నువ్వే తినకపోతే ఎలాగయ్యా? తీసుకో, ఇందులో ఎవరూ పిలవనక్కర్లేదుగా, అదే దీని సుఖం."

కంబన్న ప్లేటు తీసుకున్నాడు. చిత్రాన్నం చేతికందేంత దూరంలోనే ఉంది. గరిటె మీదికి చెయ్యి పోలేదు. బంతి వైపు చూశాడు. చౌడప్ప వంగి ఎవరికో నెయ్యి వడ్డిస్తున్నాడు, తల ఎత్తలేదు.

"ఆకలి లేదు సార్," అని కంబన్న ప్లేటు మళ్లీ దొంతర మీద పెట్టేశాడు.