తిరగేసిన మడత

కాలరు లోపలికి తోసి, చేతులు రెండూ లోపలికి లాగి, బట్ట బయటివైపు ఎక్కడా కనబడకుండా మడిచి సునంద ఆ నీలం గౌనును రేకు పెట్టెలో పెట్టింది. ఇంకొకటి తీసుకుంది. దాన్నీ అలాగే మడిచింది. ఆమె చేతులకు ఇప్పుడు వేరే మడత రాదు.

కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ లాండ్రీలో ఆమె పని. మందులు తయారయ్యే గదుల్లోకి వెళ్లేవాళ్లు వేసుకునే తెల్లకోట్లను ఉతికి, ఆరబెట్టి, తిరగేసి మడవాలి. లోపలివైపు పట్టుకుని తొడుక్కుంటే, బయటివైపు ఎవరి చేయీ తగలదు. పనిలో చేరిన కొత్తలో ఇదేం మడత అనుకుంది. ఇప్పుడు దుప్పటి మడిచినా, తువ్వాలు మడిచినా చేతులు అటే తిరుగుతాయి.

మంచం మీద కూర్చుని బ్యూలా చూస్తోంది. ఇంకా తెల్లవారలేదు. పదేళ్ల పిల్ల, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, గడ్డం మోకాళ్లకు ఆనించింది.

"మల్ల గట్లనే మడతవెట్టినవ్."

"ఏమైతది? తీసి ఇదిలిస్తే సక్కగైతది."

"అక్కడ అందరు నవ్వుతరు. నేనేమన్న కంపెనీ కోటునా?"

సునందకు నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. జోగిపేట దగ్గరి గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచి పిల్ల ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే. ఆ మాటలైనా పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

బ్యూలాను పంపాలని సునందకు మాత్రం ఎక్కడుంది? భర్త జెఫ్రీ పోయాక కొల్లూరు కాలనీలో, తొమ్మిదో అంతస్తులో తల్లీకూతుళ్లిద్దరే. మధ్యాహ్నం షిఫ్టు పడితే బడి నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే తాళం తీసుకుని, అన్నం పెట్టుకుని తినాలి. మొన్న చలికాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. సునంద వచ్చేసరికి పిల్ల సగం మెట్ల మీద, చీకట్లో, బడిసంచిని కడుపుకు అదుముకుని కూర్చుని ఉంది. ఏడవలేదు. "నువ్వు గీ మెట్ల మీద నుంచే వస్తవు గద, అందుకే ఈడ కూసున్న" అంది. ఆ తర్వాతే సునంద గురుకులం పరీక్ష రాయించింది. ఆ మాట పిల్లకు చెబితే, మెట్ల మీద కూర్చోవడమే తను చేసిన తప్పు అనుకుంటుందేమోనని చెప్పలేదు.

పోయిన ఆదివారం చర్చిలో బడికి పోయే పిల్లలకు ప్రార్థన జరిగింది. ఏటా జూన్‌లో పిల్లలందరూ కొత్త సంచులు తెచ్చి ముందు వరుసలో పెడతారు. అయ్యగారు ఒక్కొక్క సంచి మీద చేయి పెట్టి దీవిస్తారు. బ్యూలా సంచి తేనంది. వెనక ఆడవాళ్ల మధ్య తల వంచుకుని కూర్చుంది. సునంద మాత్రం రేకు పెట్టెను ఆటోలో వేసుకుని వెళ్లి, రంగురంగుల సంచుల మధ్య పెట్టింది. ఎవరో పిల్లలు నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. పెట్టె మీద రెండు చేతులూ పెట్టి మిగతావాటికంటే కాస్త ఎక్కువసేపే కళ్లు మూసుకున్నారు. వెనక్కి తిరిగి చూస్తే బ్యూలా కూడా కళ్లు మూసుకునే ఉంది. ప్రార్థనకో, సిగ్గుకో తెలియలేదు.

పెట్టె మూత వేసి సునంద లేచింది.

"ఇంకో గంటల తాత వస్తడు. నేను పదకొండింటికి గేటు పాస్ తీస్కోని వస్త. సారు మాటిచ్చిండు. ముగ్గురం కల్సి పోదం. నిన్ను నేనే దించుత."

"వస్తే రా. లేకుంటే లేదు," అంది బ్యూలా, గోడవైపు తిరిగి పడుకుంటూ.

కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని సునంద తన చేతుల్ని వాసన చూసుకుంది. ఎంత రుద్దినా కోట్లకు పట్టిన మందుల వాసన పోదు. పిల్లకు ఆ వాసన పడదు. చిన్నప్పుడే ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. అమ్మ పని నుంచి రాగానే దేన్నీ ముట్టకుండా నేరుగా స్నానానికి పోవాలి. అందుకని బ్యూలానే రోజూ బాత్రూం తలుపు పక్కన స్టూలు మీద అమ్మ నైటీ పెట్టి ఉంచేది. స్నానం చేసి రాగానే వచ్చి ఒళ్లో పడేది. సీటు వచ్చిన రోజు నుంచి స్టూలు మీద నైటీ ఉండటం లేదు. సునంద తడి ఒంటికి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి, బాల్కనీ తీగ మీది నుంచి తనే తీసుకుంటోంది. ఈ రోజు దాని గురించి అడుగుదామనుకుంది. అడగలేదు.

గేటు దగ్గర ఫోన్లన్నీ అరల్లో పెట్టి తాళం వేశారు. లాండ్రీలో నర్సింహమ్మ అప్పటికే కోట్ల కుప్ప ముందు నిలబడి ఉంది. సునందకంటే పెద్దది. నోరు కూడా పెద్దదే.

"మొకం ఏందే గట్ల పెట్టినవ్? నీ బిడ్డ హాస్టల్‌కు పోతున్నది, జైలుకు గాదు. నా కొడుకు హాస్టల్‌ల ఆర్నెల్లుండి ఇంటికొచ్చి, నా కూరల ఉప్పు లేదని నన్నే తిట్టిండు."

"నీ కొడుకు తిట్టనన్న తిట్టిండు అక్కా. నా బిడ్డ మాట్లాడ్తనే లేదు."

నర్సింహమ్మ కోట్ల కుప్పలో సగం తనవైపుకు లాక్కుంది.

కాసేపటికి లాండ్రీ చూసుకునే సూర్యారావు హడావుడిగా వచ్చాడు. ఆయనది తూర్పుగోదావరి. కోపం వచ్చినా మర్యాదగానే మాట్లాడతాడు. ఈ రోజు మొహం తిప్పుకుని మాట్లాడాడు.

"సునంద గారూ, నేనిచ్చిన మాట మర్చిపోలేదండీ. ఆడిట్ వాళ్లు చెప్పాపెట్టకుండా దిగిపోయారు. లాండ్రీ చూసి వెళ్లేదాకా ఎవర్నీ గేటు దాటనివ్వొద్దన్నారు. నా చేతుల్లో లేదమ్మా."

"ఒక్క ఫోను చేస్కోనిస్తరా సార్? పిల్ల ఎదురుసూస్తది."

"ఫోన్ల గది కూడా గేటు దగ్గరే కదండీ."

సునంద మళ్లీ కోట్ల ముందుకు వచ్చింది. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. ఆడిట్ వాళ్లు పక్క బ్లాకులో ఉన్నారన్నారు, తర్వాత భోజనానికి వెళ్లారన్నారు. ఈపాటికి మామ వెంకటయ్య పెట్టెను తలుపు దగ్గరికి జరిపి ఉంటాడు. పిల్ల చెప్పులు వేసుకుని కిందికి చూస్తూ ఉంటుంది. అంత పైనుంచి రోడ్డు మీద నడిచేవాళ్లు ఎవరో గుర్తుపట్టలేం. అయినా చూస్తుంది.

చివరికి తలుపు తెరుచుకుని ముగ్గురు మనుషులు లోపలికి వచ్చారు. సరిగ్గా అప్పుడే నర్సింహమ్మ చేయి చటుక్కున సునంద ముందుకు వచ్చి ఒక కోటును లాక్కుంది. దాన్ని సునంద అప్పటికే మామూలుగా మడిచేసింది. కాలరు పైకి, గుండీలు పైకి, ఇంట్లో బడిబట్టలు మడిచినట్టు. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. నర్సింహమ్మ దాన్ని మళ్లీ ఉతకాల్సిన కుప్పలోకి జారవిడిచి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. వచ్చినవాళ్లు గోడలు చూసి, మిషన్లు చూసి వెళ్లిపోయారు.

"సీదా మడతవెట్టినవేందే?" అంది నర్సింహమ్మ మెల్లగా. "చెయ్యి ఈడ, పానం ఆడ."

అంతలోనే షిఫ్టు అయిపోయే బెల్లు మోగింది. అర తీసి చూస్తే ఫోన్లో మామ చేసిన కాల్స్ ఉన్నాయి. సునంద అక్కడే నిలబడి చేసింది.

"బస్సెక్కినం బిడ్డా, సంగారెడ్డి దాటినం," అన్నాడు వెంకటయ్య, బస్సు చప్పుడులో గట్టిగా. "నాలుగింటికల్ల గేటు మూస్తరంట. మబ్బు గూడ పట్టింది. సూసి సూసి ఎల్లినం."

"ఏడ్సిందా మామా?"

"ఏడ్వలే. తలుపు కాడిదాంక వచ్చి, ఆగు తాతా అని మల్ల లోపలికి పోయింది. జెరసేపటికి వచ్చింది."

"ఒక్కపారి ఫోనియ్యరాదు."

కండక్టరు ఏదో ఊరి పేరు అరిచాడు. ఎవరో దిగారు. బస్సు మళ్లీ కదిలింది.

"వద్దంటున్నది బిడ్డా. తల ఊపుతున్నది. పెట్టె కింద పెట్టుమంటే ఇంటలేదు, ఒళ్లనే పెట్టుకున్నది."

"కానియ్యి మామా. పైలంగ దించు."

కొల్లూరులో బస్సు దిగేసరికి వాన మొదలైంది. కొత్త సంచుల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని పిల్లలు బడి నుంచి వస్తున్నారు. లిఫ్టులో ఇద్దరు ఆడపిల్లలు తడిసిన రిబ్బన్లు పిండుకుంటూ సునందకు చోటిచ్చి మూలకు జరిగారు. ఆమె వాళ్లకు తగలకుండా నిలబడింది.

పక్కింట్లో తాళం తీసుకుని తలుపు తెరిచింది. మంచం కింద పెట్టె ఉన్నచోట నేల మీద నలుచదరంగా దుమ్ము లేని జాగా మిగిలింది. కంచం కడిగి బోర్లించి ఉంది. గుర్తుచేయడానికి ఎవరూ లేకపోయినా సునంద చెప్పులు విడిచి, దేన్నీ ముట్టకుండా, గోడకు కూడా తగలకుండా నేరుగా బాత్రూం వైపు నడిచింది.

తలుపు దగ్గర ఆగిపోయింది.

బయట బాల్కనీలో తీగ ఖాళీగా వానకు తడుస్తోంది. లోపల స్టూలు మీద ఆమె పూల నైటీ ఉంది. కాలరు లోపలికి తోసి, బట్ట బయటివైపు కనబడకుండా, కంపెనీలో కోటు మడిచినట్టు తిరగేసి మడిచి ఉంది. ఆ మడత ఆమె పిల్లకు ఎప్పుడూ నేర్పలేదు.

చేయి చాచి, తన వేళ్ల వాసన గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. స్నానం చేసి వచ్చి కూడా చాలాసేపు దాన్ని విప్పలేదు. తువ్వాలు చుట్టుకుని అక్కడే గడప మీద కూర్చుంది.

నైటీ చేతుల్లో ఒకదాన్ని లోపలికి లాగడం చిన్నవేళ్లకు కుదరలేదు. ఆ పూల చేయి ఒక్కటి మడతలోంచి బయటికి వచ్చి, స్టూలు అంచు మీది నుంచి కిందికి వేలాడుతోంది.