ముడవని ఆకు

పిండి కలపబోతుంటే అత్తగారు ఆమెను చేతులు మళ్ళీ కడుక్కోమన్నారు. నిన్నంతా పురుగుల్ని పట్టుకున్న చేతులు కదా అన్నారు. ఆమె మళ్ళీ కడుక్కుంది. భర్త పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. ఇంటికెవరొచ్చినా అతను భార్యను పరిచయం చేసే తీరు ఒకటే: మా ఆవిడ పురుగులు మేపుతుంది.

నిజమే, ప్రయోగశాలలో ఆమె మేపేది ఆకుముడత పురుగుల్ని. వరిపైరును పాడుచేసేవే గానీ, భూతద్దం కింద చూస్తే ఆమెకు ముచ్చటేసేది. గింజంత ప్రాణి తల అటూ ఇటూ ఊపుతూ, కింది పెదవి దగ్గర్నుంచి పట్టుదారం తీసి ఆకు అంచులు రెండూ కలిపి కుట్టేస్తుంది. ఆరేకొద్దీ దారం బిగుసుకుని ఆకు గొట్టంలా ముడుచుకుంటుంది. ఇక లోపల కూర్చుని నిశ్చింతగా పచ్చదనమంతా గీక్కుతింటుంది. ఎవరు నేర్పారమ్మా నీకింత పనితనం, అనుకునేది. ఆ దారానికి మూలమైన జన్యువేదో పట్టుకోవడానికి ఆమె ఏళ్ళు పెట్టింది. వంటకీ, బస్సుకీ, పిల్ల జ్వరాలకీ మధ్య దొరకబుచ్చుకున్న ఏళ్ళు.

చివరికి అది దొరికాక, గుడ్లలోనే దాని పని ఆపేసి, వాటిలోంచి పుట్టిన పురుగుల్ని చూపిస్తే పై అధికారి పెదవి విరిచాడు. బతికే ఉన్నాయి, తింటూనే ఉన్నాయి, ఇంకేం లాభం అన్నాడు. ఆమె మాత్రం వాటిని వదిలిన వరిమొక్కల కుండీ దగ్గర్నుంచి కదల్లేదు. పురుగులు కుడుతున్నట్టే తలలూపుతున్నాయి. దారం లేదు. ఆకు ముడవలేదు. మామూలు పురుగులతో పాటు వాటినీ వల కట్టిన గదిలో సాలీళ్ళ మధ్య వదిలింది. సాయంత్రానికి ముడతల్లో ఉన్నవి క్షేమం. దారం లేనివి ఒక్కటీ మిగల్లేదు. గెలిచానన్న సంతోషంతో పాటు ఆమెకు వాటిమీద జాలీ వేసింది.

అధికారి ఈసారి గబగబా లేచొచ్చాడు. భుజం తట్టినంత పనిచేసి, పరాయిదేశపు సదస్సులో ఈ సంగతి తాను చెప్తానన్నాడు. "నీకు ఇల్లూ సంసారమూ. ప్రయాణాలు కష్టం కదమ్మా."

"కష్టమేం కాదు సార్. చేసింది నేను, చెప్పేదీ నేనే."

 అతను సదస్సు కాగితాలు ఆమె ముందుకు జరిపి, సరేనన్నాడు.

ఇంట్లో చెప్తే అత్తగారు ఆ దారం సంగతి రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. పురుగంటే కాలికింద నలపడమే తెలుసు గానీ దానికింత నేర్పుందని ఎవరు చెప్పారు మాకు, అన్నారు. భర్తకు మాత్రం ముద్ద దిగలేదు.

"వారం రోజులా? ఇల్లెవరు చూసుకుంటారు?"

ఆమె అటకమీంచి పెట్టె దింపి దుమ్ము దులిపింది.

"ఇంట్లో ఉండేవాళ్ళు," అంది.