అడిగేదాకా ఇవ్వకు

ఆటల టీచరుకి చెప్పులేసుకుంటూ సలహాలిచ్చే జబ్బు ఒకటుంది. ఆవిడ ఉద్యోగం ఇంటింటికీ వెళ్ళి, చిన్నపిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించడం. నేలమీద చతికిలబడి గిన్నెలతో, మూతలతో ఎంతో ఓపిగ్గా చూపిస్తుంది. తీరా గుమ్మం దగ్గరకొచ్చాక అసలైన మాట గుర్తొస్తుంది. అదీ సగమే చెబుతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

మూడో అంతస్తులో, ఇంట్లోనే బట్టలు కుట్టుకునే ఒకమ్మాయి ఉంది. ఆమె కొడుకు బుడ్డోడికి రెండేళ్ళు దాటినా మాట రాలేదు. అయితేనేం, కావలసింది రాబట్టుకోవడంలో గట్టివాడే. దాహమేస్తే తల్లి వేలు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి గ్లాసు చూపించేవాడు. కిందటిసారి వెళ్ళబోతూ టీచరు, "వాడు నోరు తెరవకముందే అన్నీ అందించేస్తున్నావమ్మా. అడిగేదాకా ఇవ్వకు" అనేసి మెట్లు దిగిపోయింది. ఆవిడ ఉద్దేశం వేరు. గ్లాసు పట్టుకుని వాడి మొహంలోకి చూస్తూ ఒక్క క్షణం ఆగమని; వాడు కళ్ళెత్తి చూసినా, 'ఊ' అన్నా అదే అడగడమనుకుని వెంటనే ఇచ్చేయమని. ఆ మాటలన్నీ కడుపులోనే ఉండిపోయాయి. అవతల ఇంకో ఇంటికి ఆలస్యమవుతోంది మరి.

ఈసారి తలుపు తీసింది ఆ అమ్మాయి అత్తగారు. లోపలికి రమ్మని కూడా అనలేదు. కోడలు మాత్రం మిషను ఆపి, మొహం చాటంత చేసుకుని ఎదురొచ్చింది. అంతా మీరు చెప్పినట్టే చేస్తున్నానంది. నీళ్ళయినా, బిస్కెట్టయినా, చివరికి ఎత్తుకోవడమైనా సరే, నోటితో అడగమని కూర్చుంటోందట. వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాకే ఇస్తోందట. అత్తగారు చాటుగా నీళ్ళు పట్టిందని పెద్ద గొడవై, అత్తాకోడళ్ళకి మాటలు కూడా లేవట.

"ఇప్పుడైతే అసలు ఏడవడమే మానేశాడండీ," అంది గర్వంగా.

టీచరు గబగబా గదంతా చూసింది.

బుడ్డోడు మిషను కింద గుడ్డముక్కల మధ్య కూర్చున్నాడు. టీచరు రాగానే సంచీ మీద పడి దోచేసేవాడు, ఇవాళ తలైనా ఎత్తలేదు. కాసేపటికి లేచాడు. తల్లిని తాకకుండా ఆమె పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళి, నేల తుడిచే బకెట్లో చెయ్యి ముంచి, ఆ చెయ్యి నాకబోయాడు. టీచరు ఒక్క ఉదుటున వెళ్ళి బకెట్టు పక్కకి లాగేసింది. వాడు ఎదురు తిరగలేదు. తడి చెయ్యి చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ మిషను కిందికి వెళ్ళిపోయాడు.

నేనలా చెప్పలేదే అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చింది. అనేస్తే చాలు, ఆ అమ్మాయి నమ్ముతుంది కూడా. బకెట్టు చూసి బిత్తరపోయి, నాకే సరిగ్గా అర్థమై ఉండదు, చదువులేనిదాన్ని కదా అంటూ అప్పుడే తప్పు నెత్తిన వేసుకుంటోంది. తేలు కుట్టిన దొంగలా టీచరు నోరు మెదపలేదు. పిల్లవాడికంటే ముందు తన ఉద్యోగం గురించి ఆలోచించినందుకు ఆవిడకి తనమీద తనకే అసహ్యమేసింది.

"తప్పు నీది కాదమ్మా, నాది," అంది చివరికి. "అడిగేదాకా ఇవ్వకన్నది నేనే. వాడు వేలు పట్టుకుని లాగడమే అడగడం. ఆ మాట చెప్పకుండా వెళ్ళిపోయాను."

ఆ అమ్మాయి మిషను కింద ఉన్న కొడుకువంక చూసింది.

"అంటే, ఇన్నాళ్ళూ వాడు అడుగుతూనే ఉన్నాడా?"

టీచరు తల దించుకుంది. అది చాలు తల్లికి. వంటింట్లోకి పరిగెత్తి, గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి మిషను ముందు మోకాళ్ళమీద కూలబడింది. బుడ్డోడు గ్లాసు చూశాడు. పెదాలు కదిపాడు కానీ గొంతు పెగల్లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"అడగక్కర్లేదు నాన్నా. తాగు."

వాడు కదల్లేదు. అత్తగారు మొహం తిప్పుకుంది. పిల్లల్ని మచ్చిక చేసుకునే విద్య తెలిసిన టీచరు గ్లాసు అందుకుందామని చెయ్యి చాపింది, కానీ ఆ గ్లాసు ముట్టుకునే హక్కు తనకి లేదనిపించి మళ్ళీ వెనక్కి తీసుకుంది. తల్లి గ్లాసు ఇంకాస్త ముందుకి జరిపింది. ఆమె వాడిని తాగమని మళ్ళీ అడిగింది. వాడు కదలకపోతే, ఇంకోసారి అడిగింది.