ఓళిగలు లేని రోజు

కొట్లో సరుకు తగ్గిందంటే ముందు గుమ్మంలోంచైనా పోయుండాలి, వెనక గుమ్మంలోంచైనా పోయుండాలి. గాలిలో కలిసిపోదు. మియాపూర్‌లో, తమ సీమలో ఓళిగలనే బొబ్బట్లు, కారాలు చేయించి హైటెక్ సిటీ ఆఫీసుల క్యాంటీన్లకు వేసే పద్మావతికి వ్యాపారం నేర్పిన మొదటి లెక్క అది. అందుకే తన పాత వ్యాన్‌లో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఎటు పోతోందో తెలియక ఆమెకు అన్నం సహించడం లేదు. పొద్దున నిండా పోస్తే, సరుకు దించి వచ్చేసరికి సగానికి పడిపోతోంది. బండి కింద చూస్తే చుక్క తడి లేదు.

మెకానిక్ షెడ్డు మహేందర్ బానెట్ ఎత్తి, టార్చి వేసి, గొట్టాలన్నీ తడిమాడు. ఏమీ దొరక్కపోయేసరికి చేతులు తుడుచుకుంటూ, పక్కన చాయ్ తాగుతున్నవాళ్ళందరూ వినేలా అన్నాడు.

"బండి మంచిగనే ఉందక్కా. నీ డ్రైవర్‌నే జర అడుగు. కూలెంట్ బండిల పోస్తుండా, బయట అమ్ముకుంటుండా?"

డ్రైవర్ యాదయ్య మొహం మాడిపోయింది. ఖాజాగూడ మనిషి. ఆమె వ్యాపారం మొదలుపెట్టిన నాటినుంచీ ఆ బండి అతని చేతిలోనే ఉంది. అతను పద్మావతి వైపు చూశాడు. లెక్క తేలనిదే నోరు విప్పే అలవాటు లేని ఆమె ఏమీ అనలేదు.

"రేపటి సరుకు దించి తాళాలు ఇచ్చేస్తనమ్మా. ఇగ నువ్వు, నీ బండి," అన్నాడు యాదయ్య.

ఇంటికి వచ్చాక పద్మావతికి ఒళ్ళు మండిపోయింది. బస్తా బియ్యం కొనేవాడు కూడా గుప్పెడు తీసి, నోట్లో నాలుగు గింజలు వేసుకుని చూస్తాడు. మనిషిని దొంగ అనడానికి ఆ మహేందర్ యాదయ్య సంగతి అంతమాత్రం కూడా చూడలేదే!

మర్నాడు తనే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. బెల్లం అందక ఆ రోజు ఓళిగలు చేయలేదు. వెనకంతా కారాలే, చెక్కలూ కారబ్బూందీ. గచ్చిబౌలి దగ్గర వాన పట్టుకుంది. ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టింది. పద్మావతి కొంగుతో తుడిస్తే జిడ్డుగా సాగింది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"ఈ తీపి వాసన యాడిదప్పా?"

"రోజూ వచ్చేదే. నీ ఓళిగలదే గదా," అన్నాడు యాదయ్య ముభావంగా.

"ఈ రోజు బండిలో ఒక్క ఓళిగ కూడా లేదు కదా!"

యాదయ్య బండి పక్కకు తీసి ఆపాడు. పద్మావతి కాళ్ళ కింది మ్యాట్ ఎత్తింది. కింద చిత్తడిగా ఉంది.

"గవి ఏసీ నీళ్లమ్మా."

"ఏసీ నీళ్ళు పచ్చగా ఉంటాయా? జిడ్డుగా ఉంటాయా?" అంటూ వేళ్ళు చూపించింది.

యాదయ్య వంగి ఆ తడి వెంబడే పైకి తడుముకుంటూ పోయాడు. "హీటర్! ఈ ఊర్ల హీటర్ ఎవడేస్తడమ్మా? ఉన్నదన్న సంగతే మర్చిపోయినం."

వేసినా వేయకపోయినా ఇంజిన్‌లోని కూలెంట్ ఆ హీటర్‌లోకి వెళ్ళి రావలసిందే. అది లోపల చిల్లు పడి, రోడ్డు మీద పడకుండా మ్యాట్ కిందికి కారుతోంది. కూలెంట్‌ది కూడా తీపి వాసనే కావడంతో, అది ఇన్నాళ్ళూ ఓళిగల లెక్కలో కలిసిపోయింది.

సరుకు దించి నేరుగా షెడ్డుకు వెళ్ళారు. పద్మావతి ఆ తడి మ్యాట్ తీసుకెళ్ళి మహేందర్ బల్ల మీద పడేసింది.

"వాసన చూడు. ముక్కుండాదా నీకు?"

మహేందర్ మ్యాట్ ఎత్తి వాసన చూశాడు. "హీటర్ లీకక్కా. గాడ ఎవలు జూస్తరు? హీటర్‌కు పోయే రెండు పైపులు కలిపేస్తే అయిపోతది, ఇప్పుడే చేసిస్త."

"పైపులు తర్వాత. రుజువేమీ లేకుండానే మనిషిని దొంగను చేసినావే, ముందు అది తేల్చు."

"తప్పయింది యాదన్నా," అని గొణిగాడు మహేందర్.

"గట్టిగ చెప్పు. నిన్న గట్టిగనే అన్నవ్ గద," అన్నాడు యాదయ్య.

చాయ్ తాగేవాళ్ళు ఇటు తిరిగారు. మహేందర్ గట్టిగానే చెప్పాడు. అయినా యాదయ్య తాళాలు తీసి పద్మావతి ముందు చాపాడు. ఆమె వాటిని అందుకోలేదు. తన వైపు బాకీ కూడా ఒకటుందని అప్పుడు తట్టింది.

"నిన్న నేనూ నోరు మూసుకొని నిలబడినా యాదయ్యా. నాదీ తప్పే," అంది, అందరికీ వినబడేలా.

యాదయ్య తాళాలు తిరిగి జేబులో వేసుకున్నాడు.

"రేపన్న బెల్లం వస్తదా అమ్మా?"