అంటుతుందా?

రెండేళ్లలో నళిని నుదుటి మీది జుట్టు రెండు వేళ్ల మందం వెనక్కి జరిగింది. కనుబొమలు అంతకుముందే రాలిపోయాయి. పెన్సిలుతో గీసుకునేది. ఆమెకు అరవై మూడేళ్లు. నాంపల్లిలోని ఒక బడిలో టీచరుగా చేసి రిటైరైంది.

కింది వాటాలో ఉండే బుజ్జమ్మ చూసి పేనుకొరుకుడు అని తేల్చింది. వెల్లుల్లి రుద్దమంది. దువ్వెన నుంచి దువ్వెనకు పాకుతుంది, పిల్లలు పైలమని కూడా చెప్పింది.

నళిని ఆరు వారాలు వెల్లుల్లి రుద్దింది. చర్మం పొక్కింది. వెంట్రుక రాలేదు. దాంతోపాటు తొమ్మిదేళ్ల మనవరాలు ప్రణవికి జడలు వేయడం మానేసింది. చేతులు నొస్తున్నాయని చెప్పింది. పాప పక్కన పడుకుంటానని వస్తే వద్దంది. కోడలు పొద్దున ఏడింటికే డ్యూటీకి వెళ్తుంది కాబట్టి జడల పని నళిని భర్త వామన్‌రావు మీద పడింది.

ఒక బుధవారం ప్రణవి దిండు మీద నాలుగు వెంట్రుకలు కనిపించాయి. నళిని ఆ పూట అన్నం తినలేదు. దాచినదంతా భర్తకు చెప్పింది. మర్నాడు ఆయన ఆమెను అబిడ్స్‌లో చర్మవైద్యురాలు లహరి దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరు లైటున్న భూతద్దం నుదుటికి ఆనించి చూసింది. చెవుల ముందు, కనుబొమల దగ్గర కూడా చూసింది. వెంట్రుకల కుదుళ్లు వాచి మచ్చ కట్టిపోయాయని, ముట్లు ఆగిన ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని చెప్పింది. పోయినవి తిరిగి రావు. మిగిలినవి పోకుండా మందులతో చాలావరకు ఆపవచ్చు. వెల్లుల్లి ఇక ముట్టుకోవద్దు. వామన్‌రావు చీటీ మీద రాసుకున్నాడు. నళిని ఇవేవీ అడగలేదు.

"పిల్లకు అంటుతదా డాక్టరమ్మా?"

"అంటుకోదు."

"ఒక్కటే దువ్వెన వాడినా?"

"వాడినా. మీరనుకున్న పేనుకొరుకుడు కూడా అంటుకోదమ్మా. పాప తలలో ఎక్కడైనా ఖాళీ కనిపించిందా?"

"లేదు. దిండు మీద నాలుగు వెంట్రుకలు చూసిన."

"నా దిండు మీద రోజూ ఉంటాయి."

నళిని కొంగుతో ముఖం తుడుచుకుంది. గీసుకున్న కనుబొమ ఒకటి చెరిగింది.

"పోయినయి రావంట, విన్నవా?" అన్నాడు వామన్‌రావు.

"పోనియ్యి."

సాయంత్రం ప్రణవి బడి నుంచి రాగానే నళిని దగ్గరికి రమ్మంది. పాప గుమ్మంలోనే నిలబడింది.

"చేతులు నొస్తున్నయన్నవ్ గద?"

"అబద్ధం చెప్పిన. నా రోగం నీకంటుతదని భయపడ్డ. అంటదంట."

"జర ముందే అడగొద్దా నానమ్మా? బడిల అందరు నా జడలు చూసి నవ్విన్రు."

"ఔ," అన్నాడు వామన్‌రావు కుర్చీలోంచి, "ఇన్ని దినాలు చాకిరీ చేసినోనికి గిదే మర్యాద."

ప్రణవి వచ్చి వీపు తిప్పి కూర్చుంది. పొద్దున తాత జడలు ఊడకూడదని రిబ్బనుకు ముడి మీద ముడి వేశాడు. అవి విప్పడానికి నళినికి పది నిమిషాలు పట్టింది. పాప రెండుసార్లు అరిచింది కాని లేవలేదు.