పదకొండు ఛీలు

నాకు అసహ్యం ఎక్కువ. కాఫీ కప్పు అంచున ఎవరి వేలిముద్ర కనిపించినా ఆ కాఫీ ఇక గొంతు దిగదు. అలాంటివాడి నెత్తిన, పిల్లల పుస్తకాలు వేసే మా ఆఫీసువాళ్లు అడవి జంతువుల వింత అలవాట్ల పుస్తకం తెచ్చి పెట్టారు, ప్రూఫులు దిద్దమని. రాసినావిడ జంతువుల డాక్టరు. ఆవిడకి సిగ్గూ ఎగ్గూ లేదు.

నీటిగుర్రం పేడ వేస్తూ తోకను గిరగిరా తిప్పి నలుదిక్కులా చిమ్ముతుందట. జిరాఫీ మూరెడు నాలుకతో తన ముక్కు తనే శుభ్రం చేసుకుంటుందట. కోలా పిల్ల ఆకులు తినడం మొదలెట్టే ముందు తల్లి మలం తింటుందట. ఇది అచ్చుతప్పే, ‘ఫలం’ అయివుంటుందని ఆశగా ఫోన్ చేశాను.

“మలమేనండీ. మెత్తగా ఉంటుంది” అంది డాక్టరమ్మ, నోరూరుతున్నట్టు.

ఆ మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. పైకి అనలేక, పేజీ పేజీకీ ఎర్రకలంతో మార్జిన్‌లో ‘ఛీ!’ అని రాసుకుంటూ పోయాను.

రాబందు దగ్గర కలం ఆగింది. కడుపునిండా తిన్న రాబందును ఎవరైనా బెదిరిస్తే, తిన్నదంతా కక్కేసి, బరువు దించుకుని ఎగిరిపోతుందట. నాకు మా చిట్టిది గుర్తొచ్చింది.

మా ఆవిడది ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ. రెండో తరగతి చదివే చిట్టిదాన్ని బస్సులో తీసుకెళ్లి బడి దగ్గర దింపేది నేనే. వారం క్రితం మూడో స్టాపు దాటగానే అది నా చొక్కా మీద కక్కుకుంది. బస్సంతా వినేలా “ఛీ!” అన్నాను. అక్కడితో ఆగలేదు, పిల్లను సీట్లో అలాగే వదిలేసి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎవరో ముసలావిడ దాని మూతి తుడిచింది. ఆ మర్నాటి నుంచి పిల్ల పొద్దున్న ఏమీ తినడం లేదు. “ఆకలి లేదు నాన్నా” అంటుంది. బడిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిందని టీచరు కబురు పెట్టింది.

అయినా రాబందు పక్కన కూడా ‘ఛీ!’ అనే రాశాను. చెయ్యి ఊరుకోదు కదా.

రెండో ప్రూఫు వచ్చింది. పేజీలు పెట్టే అక్క నా ఛీలన్నిటినీ తీసుకెళ్లి వాక్యాల చివర ఎక్కించేసింది. లెక్కపెడితే పదకొండు.

“ఇదేంటక్కా?”

“ఎర్రకలంతో రాసిందల్లా ఎక్కించమన్నది మీరేగా! డాక్టరమ్మ చూసి పడీపడీ నవ్వింది. ఉంచమంది.”

తల పట్టుకుని ప్రూఫు ఇంటికి తెచ్చాను.

సాయంత్రం చిట్టిది నా పక్కన కూర్చుని దాన్ని పైకి చదవడం మొదలెట్టింది. నీటిగుర్రానికి కిలకిలా నవ్వింది. కోలాకి పొట్ట పట్టుకుంది. రాబందు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ ముక్క ఇంకోసారి చదివింది, ఈసారి మనసులో.

“నాన్నా, ఈ ఛీలన్నీ నువ్వే అన్నావా?”

“ఊఁ.”

“పాపం, అది భయపడే కదా కక్కింది?”

సిగ్గుతో చచ్చిపోయాను. అది నా ఎర్రకలం తీసుకుని, ప్రూఫులో తప్పుల్ని నేను కొట్టేసినట్టే, రాబందు పక్కనున్న ఛీ మీద అడ్డంగా గీత గీసి చివర సున్నా చుట్టింది. మిగతా పది ఉంచేసింది.

మర్నాడు పొద్దున్న పళ్లెం దాని ముందు పెట్టాను.

“తిను. వస్తే నేను పట్టుకుంటా.”

నా మొహంలోకి చాలాసేపు చూసి సగం తింది. బస్సెక్కాం. మూడో స్టాపు దాటింది.

“నాన్నా, వస్తోంది.”

దోసిలి పట్టాను. వెచ్చగా, పుల్లటి కంపుతో, వేళ్ల సందుల్లోంచి నా మోచేతుల దాకా కారింది. నా జన్మలో అంత అసహ్యం ఎరగను. చిట్టిది తలెత్తి నా నోటికేసే చూస్తోంది. నేను ఛీ అనలేదు. నా గొప్పేమీ కాదు, నోరు తెరిస్తే నాదీ బయటికొచ్చేలా ఉంది.

“నీకూ వస్తోందా నాన్నా?” అని అది తన రెండు చేతులూ దోసిలి పట్టింది.