ఒంటి వేడి

తడిసిన స్లీపింగ్ బ్యాగ్ నీళ్లలో పడ్డ మనిషంత బరువుంటుంది. ఈ సంగతి లివియుకి తెలియదు. బాతు ఈకల నూగు నింపిన ఆ బ్యాగ్‌ని చిన్న సంచిలో కుక్కి, చిటికెనవేలికి తగిలించి "చూశారా, గాలంత!" అనడమే అతనికి తెలుసు. ఏటా వేసవి మొదట్లో దాన్ని స్నానాల తొట్టిలో వేసి, గచ్చు మీద మోకాళ్లూని, అరచేతులతో నొక్కి నొక్కి నీళ్లు తీసేది అతని భార్య స్మరాందా. పిండకూడదు, పిండితే లోపలి నూగు చితికిపోతుంది. నొక్కాలి. నొక్కీ నొక్కీ నడుము విరిగిపోయాక దాన్ని పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతుల మీదా ఎత్తి ఆరేయాలి. ఆరేదాకా రోజుల తరబడి వచ్చినప్పుడూ పోయినప్పుడూ విదిలిస్తూ, ఉండలు కట్టిన చోటల్లా వేళ్లతో విడదీయాలి.

ఈసారి అది ఎండినా పొంగలేదు. పల్చగా, ప్రాణం పోయినట్టు పడి ఉంది.

"పాడుచేశావు కదా" అన్నాడు లివియు. కోపంగా కాదు, బాధగా. అతనికి కోపం రాదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో భార్య మీద ఒక్కసారి గొంతు పెంచలేదని అతని తల్లి ఔరికా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. "నా కొడుకు మనిషి కాదు, వెన్నముద్ద."

ఎన్నో ఏళ్లు వాడిన బ్యాగ్, అందులో ఇంకేం మిగులుతుంది అని అనబోయి స్మరాందా మళ్లీ ఉండలు వెతకసాగింది.

"పోనీలే. నేను కొత్తది కొనుక్కుంటాను. ఇది నువ్వు వాడుకో. నీదానికంటే తేలికే కదా. శనివారం షాపుకి వెళ్దాం."

తప్పు చేసినవాళ్లకి శిక్ష వేయకపోగా బహుమతి ఇచ్చినట్టుంది అతని మొహం.

బ్రషోవ్ ఊరి పర్వతారోహకుల సంఘంలో లివియు అనగానే అందరికీ గుర్తొచ్చేది తేలిక. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోస్తాడు. చొక్కాల లోపలి లేబుళ్లు కత్తిరిస్తాడు. చలికాలం సభల్లో తేలికగా నడవడం గురించి ఉపన్యాసాలిస్తాడు. "మనిషికి నిజంగా కావలసింది చాలా తక్కువ. మిగతాదంతా మన భయమే" అంటాడు. జనం తలలూపుతారు. కొండమీది సత్రాల్లో కుర్రాళ్లు అతని వీపు బ్యాగ్‌ని ఒక వేలితో ఎత్తి నోరు తెరుస్తారు. గోడవారన ఆనించిన, స్మరాందా మోసే రెండో బ్యాగ్‌ని ఎవరూ ఎత్తి చూడలేదు. గిన్నె, స్టవ్వు, గ్యాసు, గుడారం గుడ్డ, మందులు, రొట్టె, ఉప్పు పట్టించిన పంది కొవ్వు, ఉల్లిపాయలు, కాల్చిన వంకాయ ముద్ద, తడిస్తే మార్చుకోవడానికి అతని మేజోళ్లు, అన్నీ అందులో ఉంటాయి. "మా స్మరాందా గట్టిది, రైతుబిడ్డ" అంటాడు లివియు నలుగురిలో, భుజం తట్టి.

ఇంట్లోనూ అతను అంత తేలిగ్గానే నడుస్తాడు. నాలుగేళ్ల కిందట ఔరికాకి పక్షవాతం వచ్చినప్పుడు "అమ్మని ఎవరి చేతుల్లోనో ఎలా పెడతాం, మనమే చూసుకుందాం" అన్నాడు, కళ్లలో నీళ్లతో. మనం అన్న మాట అతనిది. చేతులు ఆమెవి. పొద్దున్నే అత్తని పక్కకి తిప్పి, తుడిచి, దుప్పటి మార్చి, మెత్తగా ఉడికిన మొక్కజొన్న జావ చెంచాతో పట్టి, పరిగెత్తి బస్సెక్కి దంతవైద్యశాలకి వెళుతుంది. అక్కడ కట్టుడు పళ్లు చేయడం ఆమె పని. ఇద్దరు కలిసి చేస్తారు. పక్క బల్ల దగ్గర మగాణ్ణి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు "మాస్టారూ" అంటాడు. ఆమెని "ఆంటీ, కాఫీ ఏమైనా ఉందా?" అంటాడు. ఆమె లేచి కాఫీ పెడుతుంది. లేవకుండా ఉండటం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

ఈమధ్య కొత్తగా ఒకటి మొదలైంది. సాయంత్రం సంచులతో నాలుగో అంతస్తుకి ఎక్కుతుంది. తలుపవతల అత్త మూలుగు వినిపిస్తుంది. తాళంచెవి చేతిలోనే ఉంటుంది, చెయ్యి లేవదు. మెట్ల మీద కూలబడుతుంది. కాసేపటికి మెట్ల దగ్గరి దీపం దానంతటదే ఆరిపోతుంది. ఆ చీకట్లో, సంచుల మధ్య కూర్చున్న ఆడమనిషిని ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూస్తుంది. ఇక ఈమె లేవదు అనుకుంటుంది. ఆ మాటకి భయం వేయాలి. వేయదు. భయం వేయకపోవడమే, ఆ తరువాత వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుండగా, ఆమెకి ఒళ్లంతా పాకే భయం.

చలి మాత్రం పాతది. పెళ్లయిన రెండో ఏడు, వసంతం మొదట్లో కొండ మీద గుడారంలో పడుకుని వచ్చిన కొద్దిరోజులకి, మూడో నెల కడుపు పోయింది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఔరికా ఒప్పుకోలేదు. "చలి నేల మీద పడుకుంటే గర్భసంచి గడ్డకట్టుకుపోదూ? నా మనవణ్ణి కొండ మీద వదిలేసి వచ్చింది" అంది వంటింట్లో, పక్కగదిలోకి వినబడేంత మెల్లగా. మళ్లీ కడుపు పండలేదు. ఇన్నేళ్ల తరువాత, ఒళ్లు తుడిపించుకుంటూ కూడా అదే పాట. "నీ చేతులు మంచుముక్కలే అమ్మాయ్. మొదటినుంచీ నీ ఒంట్లో వేడి లేదు." లివియు అయితే నవ్వుతూ "కప్ప. మా ఇంటి కప్ప" అంటాడు, బుగ్గ గిల్లి. తన ఒంట్లో వేడి లేదన్న మాట స్మరాందా నమ్మింది. నమ్మకపోతే ఆ బిడ్డ ఎందుకు పోయిందో చెప్పేందుకు ఆమె దగ్గర ఇంకే మాటా లేదు.

కిందటి ఆగస్టులో ఫగరాష్ కొండల మీద, సరస్సు ఒడ్డున గుడారం వేసుకున్నారు. ఆమె బ్యాగ్ లివియు ఏరికోరి కొన్నదే. దాని మీద పెద్ద అంకెల్లో, అది ఆపే చలి మైనస్ రెండు డిగ్రీలు అని ఉంది. ఉన్న బట్టలన్నీ తొడుక్కుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నా వణుకు ఆగలేదు.

"లివియూ, నా పాదాలు ఉన్నట్టే తెలియడంలేదు."

"వేళ్లు ముడుస్తూ విప్పుతూ ఉండు" అన్నాడు అతను, సగం నిద్రలో. "బయట ఇంకా సున్నాకి కూడా దిగలేదు. ఆ బ్యాగ్ మైనస్ రెండుకి చేసింది. నీకు చలి వేయడానికి వీల్లేదు."

వీల్లేదన్నాడు కాబట్టి, పళ్లు కొట్టుకునే చప్పుడు అతనికి వినపడకుండా ఆమె చేతి తొడుగుని నోట్లో కుక్కుకుంది. తెల్లారాక స్టవ్వు వెలిగించి అతనికి టీ కాచింది. సిగ్గుపడింది కూడా. అంకె అబద్ధమాడదు కదా. అబద్ధమాడేది తన ఒళ్లే.

శనివారం పక్కింటావిడని అత్త దగ్గర కూర్చోబెట్టి ఇద్దరూ షాపుకి వెళ్లారు. జడ వేసుకున్న సన్నపాటి అమ్మాయి ఒకతె బ్యాగ్‌లు చూపించింది. లివియు ఒక్కొక్కదాన్నీ త్రాసు మీద పెట్టించాడు. లోపల దూరి, బయటికొచ్చి, మళ్లీ దూరాడు. చివరికి అన్నింటికంటే పల్చనిది ఎంచుకుని "అరకేజీ కూడా లేదు!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "మేడమ్‌కి?" అని అడిగింది ఆ అమ్మాయి. "ఆవిడకి నా పాతది ఉంది" అని, అతను గుడ్డ నేత గురించి ప్రశ్నల్లో పడ్డాడు.

అతని కోటు చేతి మీద వేసుకుని స్మరాందా వేలాడదీసిన బ్యాగ్‌ల మధ్య నడిచింది. అక్కడ తన బ్యాగే కనిపించింది. అదే ఆకుపచ్చ, అదే పెద్ద మైనస్ రెండు. పలకరిద్దామన్నట్టు చీటీ పట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, వెనకాల చిన్న అక్షరాలు చదివింది. రెండు బొమ్మలున్నాయి. ఒక ఆడమనిషి వెల్లకిలా, హాయిగా పడుకుని ఉంది. ఆమె కింద ప్లస్ నాలుగు. ఒక మగమనిషి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. అతని కింద మైనస్ రెండు. ఆడవాళ్లు సుఖంగా నిద్రపోగలిగే చలి మొదటిది, మగవాళ్లు మెలకువ రాకుండా తట్టుకోగలిగే చలి రెండోది అని రాసి ఉంది.

ఆమె పక్క బ్యాగ్ చీటీ తిప్పింది. దాని పక్కది తిప్పింది. అన్నింటి మీదా రెండు అంకెలు. అన్నింటి మీదా పెద్దగా కనబడేది అతనిది, వెనకాల చిన్నగా ఉన్నది ఆమెది. ఎక్కడో ఎవరో కూర్చుని ఆడవాళ్ల చలిని కొలిచారు. ఒకరిద్దరిది కాదు, లోకంలోని ఆడవాళ్లందరికీ సరిపోయేట్టు కొలిచి, అచ్చువేసి, దారం కట్టి వేలాడదీశారు. అందులో కప్ప అన్న మాట లేదు. జబ్బు అన్న మాట లేదు. ఆమె పుట్టుకలో లోపం ఉందని ఎక్కడా లేదు. 

ఆడమనిషి బొమ్మ కింద మైనస్ ఐదు ఉన్న బ్యాగ్ ఒకటి తీసింది. చేతిలో ఉన్నట్టే లేదు. "ఇందులో పడుకుని చూడొచ్చా?"

"చూడండి మేడమ్, పరుపు అందుకే వేశాం. బూట్లు విప్పేయండి."

ఆమె దూరింది. ఆ అమ్మాయి జిప్ పైకి లాగి, తలచుట్టూ తాడు బిగించి, ముక్కూ కళ్లూ మాత్రం బయటికి వదిలింది. మొదట ఏమీ లేదు. గుడ్డ చల్లగా తగిలింది. తరువాత మెల్లగా, నడుము దగ్గర మొదలై, వీపుకీ, తొడలకీ, చివరికి పాదాలకీ వెచ్చదనం పాకింది. ఇది ఎక్కడినుంచి వస్తోందని వెతికింది. ఈ బ్యాగ్‌లో నిప్పు లేదు, తీగ లేదు, ఏమీ లేదు. ఇది వేడి పుట్టించదు. లోపలున్న మనిషి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. అంటే ఇది తనదే. ఇన్నేళ్లూ లేదన్న వేడి, కడుపులో బిడ్డకి కూడా చాలలేదన్న వేడి, తన ఒంట్లోంచే వచ్చి తననే చుట్టుకుంటోంది. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. తుడుచుకోవడానికి చేతులు లోపలుండిపోయాయి. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

"ఏంటిది, నీకెందుకు?" లివియు పైనుంచి వంగి చూస్తున్నాడు. "నాది ఉందిగా."

"లివియూ, ఆ అంకె మగవాళ్లదట."

"ఏ అంకె?"

"నా బ్యాగ్ మీది మైనస్ రెండు."

అతను పక్కన గొంతుకూర్చున్నాడు. మెత్తగా, సభలో ప్రశ్న అడిగిన కుర్రాడికి చెప్పినట్టు చెప్పాడు. "అవును. అది అందరికీ తెలిసిందేగా."

"నీకు తెలుసా? కొన్న రోజునే?"

"తెలుసు. నీకు సరిపోయేది నాలుగు వందల గ్రాములు ఎక్కువ బరువుంది. అప్పటికే నీ వీపు మీద ఉన్నది నువ్వు మోయలేకపోతున్నావు. నీ మంచికే కదా ఆలోచించాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. అందులో దొంగతనం లేదు, దాపరికం లేదు. ఆ నాలుగు వందల గ్రాములకి బదులు గిన్నె తన వీపు బ్యాగ్‌లో వేసుకోవచ్చన్న ఆలోచన అతనికి వచ్చి, దాన్ని కాదనుకుని ఉంటే ఆమెకి తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. అసలా ఆలోచనే రాలేదు. ఇరవై ఏళ్లలో ఒక్క మలుపులోనూ, ఒక్క ఎత్తులోనూ రాలేదు. సరస్సు ఒడ్డున ఆమె చేతి తొడుగు కొరుక్కుంటూ పడుకున్నప్పుడు పక్కనే ఉన్న మనిషికి ఆమెకి చలి వేస్తుందని తెలుసు. తెలిసే, వీల్లేదన్నాడు. తెలిసే కప్ప అని నవ్వాడు. తల్లి ఆ మాట అన్న ప్రతిసారీ తెలిసే పేపరు తిప్పుకున్నాడు.

"లే మరి. పక్కింటావిడ ఎంతసేపని కూర్చుంటుంది? అమ్మకి దుప్పటి మార్చే వేళయింది."

ఆమె లేవలేదు. లేవకూడదని అనుకోలేదు కూడా. మెట్ల మీద లేవని చెయ్యిలాగే ఇప్పుడు ఒళ్లు లేవలేదు. మనుషులు వాళ్లని తప్పించుకుని నడుస్తున్నారు. ఒకావిడ ఆగి చూసి వెళ్లింది. లివియు నిలబడి, ఆ అమ్మాయి వైపు నవ్వాడు. "మా ఆవిడకి నిద్ర చాలడంలేదు." ఆ అమ్మాయి నవ్వలేదు. "పడుకోనివ్వండి సార్" అంది.

స్మరాందా కళ్లు మూసుకుంది. ఈ దుకాణం మూసే వేళ ఒకటి వస్తుంది. ఆ ఇంటికే వెళ్లాలి. ఆ ఇల్లు ఔరికాది, మంచం ఔరికాది, ఆ బస్సు, ఆ బల్ల, ఆ కాఫీ ఎక్కడివక్కడే ఉంటాయి. నలభై ఆరేళ్ల మనిషికి ఒక సంచిలో పట్టినంత వెచ్చదనం దొరికింది, అంతే. దాన్ని పట్టుకుని ఎక్కడికి పోతుంది? కానీ జవాబు వచ్చేదాకా ఆగితే మళ్లీ ఆ మెట్ల మీదే కూర్చుంటుందనీ, ఈసారి నిజంగానే లేవదనీ ఆమెకి అర్థమైంది.

లోపలినుంచి జిప్ తానే తీసుకుంది. భుజాలకి గాలి చురుక్కున తగిలింది.

"ఇది తీసుకుంటాను."

"బరువు చూశావా?" అన్నాడు లివియు.

"చూశాను. గిన్నె, స్టవ్వు నీ వీపు బ్యాగ్‌లో పెట్టుకో. నీ తిండి కూడా."

అమ్మాయి ముందు గొడవెందుకని అతను చేతులు చాచి నవ్వేశాడు. ఆ అమ్మాయి చీటీ చూసి తల ఎత్తింది. "సార్ తీసుకున్నది ఎడమ జిప్‌ది. ఇదీ ఎడమదే మేడమ్. మీకు కుడిది లోపలుంది, తెస్తాను ఉండండి. ఒకటి ఎడమా ఒకటి కుడీ అయితేనే రెండూ కలిపి జిప్ వేసుకోవడానికి వీలవుతుంది. దంపతులు ఎక్కువగా అలాగే తీసుకుంటారు. ఇద్దరికీ కలిపి ఒకటే పక్క."

లివియు మొహం వెలిగింది. "అదే తెచ్చిపెట్టమ్మా. నాది మరీ పల్చన. ఆవిడ పక్కన ఉంటే నాకూ వెచ్చగా ఉంటుంది."

"ఎడమదే ఇవ్వండి" అంది స్మరాందా.